మొదటి మాటే తుది మాట

మా డైరెక్టరు డాక్టర్ విద్యాధరరావు గారు అన్నం విలువ తెలిసిన మనిషి. ఆ విలువ ఆయనకు ఈమధ్యనే, ఒక నక్షత్రాల హోటల్లో జరిగిన సదస్సులో తెలిసింది. సంస్థల్లో ఆహార వృథాను అరికట్టడం ఎలా అన్న విషయం మీద పొద్దున్నంతా మాట్లాడి, మధ్యాహ్నం ముప్ఫై రకాల బఫే తిని, సాయంత్రం మళ్లీ మాట్లాడి వచ్చారు. వస్తూ వస్తూ ఒక జనపనార సంచీ, ఒక బ్యాడ్జీ, ఒక ఆవేశం తెచ్చుకున్నారు. సంచీ వల్లా బ్యాడ్జీ వల్లా ఎవరికీ ఏ హానీ జరగలేదు.

నేను ఈ గ్రామీణ సహకార సిబ్బంది శిక్షణాలయంలో సూపరింటెండెంటుని. నోరు తిరగనివాళ్లు సూపర్నెంటు అంటారు. నోరు తిరిగేవాళ్లు ఇటువైపు రారు గనక నేను సూపర్నెంటునే. ఊళ్లలో సహకార సంఘాలు నడిపే గుమస్తాలూ కార్యదర్శులూ జట్లు జట్లుగా ఇక్కడికొచ్చి, పాఠాలప్పుడు కునుకు తీసి, సర్టిఫికెట్లు పుచ్చుకుని వెళ్తుంటారు. నేర్చుకున్నదేదీ గోదావరి వంతెన దాటేదాకా కూడా గుర్తుండదు. మెస్సు భోజనం మాత్రం ఏళ్ల తరబడి గుర్తుంటుంది. దానికి కారణం అచ్చియ్యమ్మ.

అచ్చియ్యమ్మ మా మెస్సులో వడ్డన మనిషి. మొగుడు ఇక్కడే వంటవాడిగా పనిచేసి పోయాక ఆవిణ్ని తాత్కాలికం అని పెట్టుకున్నారు. మా ఆఫీసులో తాత్కాలికం అంటే మనిషి ముసలైపోయేదాకా అని అర్థం. మెస్సు వెనక ఒక గది ఇచ్చారు. అందులో ఇప్పుడు ఆవిడా, పురిటికొచ్చిన కూతురు లోవకుమారీ ఉంటున్నారు. పిల్లకి ఎనిమిదో నెల. ఎట్టకేలకు అచ్చియ్యమ్మని పర్మినెంటు చేసే ఫైలు కదిలి డైరెక్టరు గారి బల్ల మీదికి చేరింది. సంతకం పడితే ఉద్యోగమూ ఖాయం, గదీ ఖాయం. పడకపోతే రెండూ పోతాయి, నెలలు నిండబోతున్న పిల్లతో సహా రోడ్డు మీదికి రావాలి. ఇంతకన్నా కథలో తెలుసుకోవాల్సిందేమీ లేదు.

ఆవిడకో జబ్బుంది. కొసరి వడ్డించకుండా ఉండలేదు.

"మొదటిసారి వద్దన్నాడంటే అది మర్యాదండి," అనేది నాతో. "రెండోసారి వద్దంటే మొగమాటం. మూడోసారి చెయ్యడ్డం పెడతాడు చూడండి, అప్పుడు ఆ చెయ్యి ఆకుకి ఎంత ఎత్తులో ఉందో చూసుకోవాలండి. ఎత్తులో ఉంటే కింద నుంచి ఏసెయ్యమనే."

నిజం చెప్పొద్దూ, ఆవిడ లెక్క అప్పుడప్పుడూ తప్పేది. ఆకుకి ఆనించిన చేతుల మీద కూడా పప్పు పోసేసిన సందర్భాలున్నాయి. నేనే ఎన్నోసార్లు చెయ్యి కాల్చుకున్నాను. తిన్నవాళ్లు తినగా ఆకుల్లో కాస్తో కూస్తో మిగిలేది, కాదనను.

సదస్సు నుంచి వచ్చిన మర్నాడే డైరెక్టరు గారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని మెస్సు వెనక్కి వెళ్లారు. వెనకాల నేనూ వెళ్లాను. అక్కడ ఎంగిలి డ్రమ్ములు మూడున్నాయి. రెండు పొర్లిపోతున్నాయి. మూడోది సగానికుంది.

"ఏమిటీ ఘోరం! ఈ రెండూ ఏమిటి?" అన్నారు.

"మొన్నటి వార్షికోత్సవం విందండీ. మంత్రిగారొస్తారని మూడొందల మందికి వండించాం. మంత్రిగారు రాలేదు. ఆయన రావట్లేదని తెలిసి మిగతావాళ్లూ రాలేదు."

"ఓ, ప్రోటోకాలా!" ఆయన మొహం తేటపడింది. "ప్రోటోకాల్ భోజనం వృథా పరిధిలోకి రాదు సూపరింటెండెంటు గారూ. అది సంస్థాగత గౌరవ నిర్వహణ. మరి ఆ మూడోది?"

"అది మన మెస్సుదండీ. రోజువారీ."

ఆయన ఆ సగం డ్రమ్ములోకి తొంగి చూశారు. రుమాలు జారిపోయినా చూసుకోలేదు.

"సగం డ్రమ్ము!" అన్నారు గద్గదంగా. "మనం ఒక జాతీయ విపత్తు అంచున నిలబడి ఉన్నాం."

నేను కాస్త వెనక్కి జరిగి నిలబడ్డాను.

వెంటనే కమిటీ పడింది. కమిటీవాళ్లు భోజనాల వేళ ఒక్కొక్కరి వీపు వెనకా నిలబడి, మెడ మీద ఊపిరి వదులుతూ, ఎవరు ఏం తింటున్నారో ఎవరు ఏం వదిలేస్తున్నారో గమనించారు. చివరికి వృథాకు మూలకారణం కనిపెట్టారు. కొసరడం! అంటే అచ్చియ్యమ్మ.

"ఈ జాతికో మానసిక రుగ్మత ఉందండీ," అని డైరెక్టరు గారు స్టాఫ్ మీటింగులో సెలవిచ్చారు. "కావలసినవాడు వద్దంటాడు. వద్దన్నవాడికి పెడతారు. పెట్టించుకున్నవాడు పారేస్తాడు. భాషకీ భావానికీ మధ్య ఉన్న ఈ అగాధంలోకే మన అన్నమంతా జారిపోతోంది. కాబట్టి నేటి నుంచి ఈ సంస్థలో ప్రథమోక్తి విధానం అమల్లోకి వస్తుంది. అడిగిన మొదటిసారి భోక్త ఏ మాట పలుకుతాడో అదే అంతిమం. పునఃప్రశ్న నిషిద్ధం. బతిమాలుట నిషిద్ధం. 'ఒక్క గరిటే కదా', 'నా మీద ఒట్టు', 'ఇవాళ బాగా కుదిరింది' ఇత్యాది ప్రలోభ వాక్యములు శిక్షార్హములు."

"అమోఘం సర్," అన్నాను. అనకపోతే నన్ను ఇంకో కమిటీలో వేస్తారు.

గోడ మీద పెద్దక్షరాలతో రాయించారు: మొదటి మాటే తుది మాట. దాని కింద ఒక కెమెరా బిగించారు.

అచ్చియ్యమ్మకి రూలు చెప్పే పని నా మీద పడింది. అంతా విని ఆవిడ నోరెళ్లబెట్టింది.

"అదేటండీ, వద్దంటే ఎల్లిపోవాలా? తిరిగి అడక్కూడదా?"

"అడక్కూడదు."

"మరాళ్లు తినేదెలాగండీ?"

"అది మన పరిధిలోకి రాదు. నీ ఫైలు ఆయన బల్ల మీదుంది అచ్చియ్యమ్మా. ఈ నాల్రోజులూ నోరు కట్టుకో. నీకు దణ్ణం పెడతాను."

"ఆయ్, అలాగేనండి," అంది. కానీ మొహం పాలిపోయింది.

ఆ రోజు మధ్యాహ్నం పంక్తిలో మొదట కూర్చున్నవాడు గంపల వీర్రాజు. కోనసీమలో ఏదో సంఘానికి కార్యదర్శి. భారీ మనిషి, మర్యాదస్తుడు. అచ్చియ్యమ్మ పప్పు గిన్నె పట్టుకుని వచ్చింది.

"పప్పు కావాలాండీ?"

"అబ్బే, వద్దండీ," అన్నాడు వీర్రాజు అలవాటుగా, ఆకు కాస్త ముందుకు జరుపుతూ.

అచ్చియ్యమ్మ గరిట గాల్లో ఆగింది. గోడ మీది కెమెరా వైపు చూసింది. కళ్లు మూసుకుని పక్క ఆకు దగ్గరికి నడిచింది. వీర్రాజు తల తిప్పి, వెళ్లిపోతున్న పప్పుని చూస్తూ ఉండిపోయాడు. పెద్దవాడు వీర్రాజు వద్దన్నాక తాను వెయ్యమంటే బాగోదని పక్కవాడూ వద్దన్నాడు. వాడు వద్దన్నాడని ఆ పక్కవాడు. అలా పంక్తి చివరిదాకా మర్యాద పాకిపోయింది. పప్పూ, వంకాయ కూరా, సాంబారూ, పెరుగూ అందరి ముందు నుంచీ ఊరేగింపుగా వెళ్లి మళ్లీ వంటింట్లోకి చేరుకున్నాయి. అన్నం మాత్రం అడక్కుండా వేసే పద్ధతి గనక అది ఉంది. అందరూ కాస్త ఉప్పు కలుపుకుని తిని, ఇక ఆవిడ మళ్లీ రాదని రూఢి అయ్యాక, లేచి చేతులు కడుక్కున్నారు.

డ్రమ్ము ఖాళీ! డైరెక్టరు గారు ఖాళీ డ్రమ్ము మీద చెయ్యి వేసి ఫొటో దిగారు.

"మరి వండిన గిన్నెల నిండా అలాగే ఉందండీ," అన్నాను.

"అది ఆకులో పడిందా?"

"లేదండీ."

"ఆకులో పడనిది వడ్డన కాదు. వడ్డన కానిది వృథా కానేరదు. అది నిల్వ."

"సాయంత్రానికి పాచిపోతుందండీ."

"కాలాతీత నిల్వ అని రాసుకోండి."

ఆ సాయంత్రం మా గేటు ముందు బజ్జీల బండివాడు శనగపిండి కోసం రెండుసార్లు ఊళ్లోకి పరిగెత్తాడు.

ఆకలి మనిషికి చాలా నేర్పుతుంది. కొద్దిరోజుల్లోనే మా శిక్షణార్థులు మర్యాద మానేశారు. అచ్చియ్యమ్మ గిన్నెతో గుమ్మంలో కనపడగానే వీర్రాజు "వెయ్యండి!" అని అరిచేవాడు, ఆ గిన్నెలో ఏముందో కూడా చూడకుండా. పక్కవాడు ఇంకా గట్టిగా అరిచేవాడు. ఇప్పుడు వద్దంటే మళ్లీ రాదు గదా, అందుకని ప్రతివాడూ ప్రతిదానికీ ముందే ఔననేశాడు. ఆకుల్లో గుట్టలు లేచాయి. సగం తిని సగం వదిలేశారు. సగం ఉండే డ్రమ్ము నిండి, రెండోది కూడా నిండడం మొదలుపెట్టింది.

ఇంకొకరైతే కంగారు పడేవారు. మా డైరెక్టరు గారు పడలేదు.

"విధానం సరైనదే. ప్రజలు తమ మాటకు బాధ్యత వహించడం లేదు," అన్నారు. రెండో ఉత్తర్వు వచ్చింది. దాని పేరు ఉక్త పరిపూర్తి నిబంధన. అడిగి వేయించుకున్నదంతా తినాలి. తినకుండా లేవకూడదు. చేతులు కడుక్కునే చోట తలుపు పెట్టించి తాళం వేయించారు. ఆకు చూపించి, కమిటీ సభ్యుడు తల ఊపితేనే తాళం తీస్తారు.

ఏం చెప్పమంటారు! తరగతులు మధ్యాహ్నం మూడుకి మొదలయ్యేవి, ఎందుకంటే అప్పటిదాకా అందరూ ఎండిపోయిన చేతులతో ఆకుల ముందు కూర్చుని ఉండేవారు. వీర్రాజు నాలుగో వాయి వంకాయ కూర ముందు కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఒకాయన చక్రపొంగలి రుమాల్లో మూటగట్టి జేబులో పెట్టుకుంటే చీమలు పట్టించాయి. కరివేపాకు తీసి పక్కన పెట్టినవాళ్లని వృథాపరులుగా గుర్తించారు. మునక్కాడ నమిలి పిప్పి ఉమ్మితే అది వృథా అవునా కాదా అన్న విషయం మీద కమిటీ రెండు పూటలు చర్చించి, పిప్పి మింగవలెను లేదా మునక్కాడను తొలి మాటలోనే తిరస్కరించవలెను అని తేల్చింది. ఆవకాయ టెంక విషయంలో పైవారి వివరణ కోరారు.

వీర్రాజు జబ్బుపడ్డాడు. మూడు రోజులు జ్వరంతో పడుకుని, నాలుగో రోజు గోడ పట్టుకుని మెస్సుకొచ్చాడు. మొహం పీక్కుపోయింది. గుట్టలంటే భయం పట్టుకుని ఏది చూసినా బెదిరిపోతున్నాడు. అచ్చియ్యమ్మ చిన్న గిన్నెతో వచ్చింది.

"చారూ అన్నం మెత్తగా కలిపి తెచ్చాను, కావాలాండీ?"

"వద్దు పిన్నీ," అన్నాడు.

అచ్చియ్యమ్మ అడుగు ముందుకేసింది. ఆగింది. వెనక్కొచ్చింది.

"వద్దంటే? లంకణం చేసి లేచినోడివి, కడుపులో ఏటుందని వద్దంటన్నావు? ఒక్క గరిటే. నా మీద ఒట్టు," అని వేసేసింది. వీర్రాజు అది తిన్నాడు. ఇంకో గరిట వేసింది. అదీ తిన్నాడు. కాస్త రంగొచ్చింది వాడికి.

గోడ మీది కెమెరా అంతా చూసింది.

మర్నాడే చార్జి మెమో. "సదరు శిక్షణార్థి 'వద్దు' అని స్పష్టముగా పలికినప్పటికీ, సదరు తాత్కాలిక ఉద్యోగిని పునఃప్రశ్నకు పాల్పడి, 'ఒక్క గరిటే', 'నా మీద ఒట్టు' అను రెండు నిషిద్ధ వాక్యములను ప్రయోగించి, అనుమతి లేని రెండు గరిటెల చారన్నమును బలప్రయోగముగా వడ్డించినందున..." అని సాగింది. విచారణ తేలేదాకా ఆవిడ మెస్సులోకి రాకూడదు. పర్మినెంటు ఫైలు పక్కన పెట్టేశారు. విచారణాధికారిగా ఎవరిని వేశారనుకున్నారు? నన్నే.

సాక్షిగా వీర్రాజుని పిలిచాను. డైరెక్టరు గారు పరిశీలకుడిగా వచ్చి కూర్చున్నారు.

"ఆ రోజు మీరు వద్దన్నారా?" అని అడిగాను.

"అన్నానండి."

"వద్దనే ఉద్దేశంతోనే అన్నారా?"

"అబ్బే, అలాగేం కాదండి."

"మరెందుకన్నారు?"

"అంటాం గదండీ!" వీర్రాజు నా వైపు జాలిగా చూశాడు. "తవరు ఇంటికొస్తే మా ఆవిడ కాఫీ ఇమ్మంటారా అంటది. తవరు వద్దంటారు. అని లేచెళ్లిపోతారేంటండీ? కుర్చీలో ఇంకాస్త సర్దుకుని కూర్చుంటారు."

నాకు నవ్వొచ్చింది. డైరెక్టరు గారికి రాలేదు.

"సాక్షి తన ప్రథమోక్తిని తానే నిరాకరిస్తున్నాడు. విశ్వసనీయత లేదు. నమోదు చేసుకోండి," అన్నారు. నమోదు చేసుకున్నాను. నా జీతం నమోదు చేసుకోవడానికే.

ఇంతలో అసలు సంబరం వచ్చిపడింది. వృథారహిత సంస్థలకు పురస్కారం ఇచ్చే మదింపు బృందం మా డ్రమ్ముల సంగతి విని చూడటానికి వస్తోంది. బృందానికి పెద్ద వసుంధరాదేవి గారు, రిటైరైన పెద్ద అధికారిణి. మనిషి మెత్తన, మర్యాద మరీ మెత్తన. పైగా షుగరు. బృందంలో ఆవిడ కాకుండా ఇంకో నలుగురు. ఆ ఐదుగురి కోసం ప్రోటోకాల్ ప్రకారం వందమందికి వండించారు. బొబ్బట్లు, పులిహోర, గుత్తివంకాయ, పనసపొట్టు కూర, ఇంకా నేను పేరు కూడా వినని రెండు హల్వాలు.

"మన విధానాన్ని వారికి ప్రత్యక్షంగా అనుభవంలోకి తెద్దాం," అన్నారు డైరెక్టరు గారు.

తెచ్చారు. వాళ్లు ఉదయమంతా ఆయన ఉపన్యాసం విన్నారు. ప్రథమోక్తి అంటే ఏమిటో విన్నారు, తలలూపారు, రాసుకున్నారు. ఆకుల ముందు కూర్చున్నారు. రూలు తెలిసినా నోరు వింటుందా? వడ్డనకి పెట్టిన కొత్త మనిషి బొబ్బట్ల పళ్లెం పట్టుకుని "కావాలాండీ?" అనగానే, వసుంధరాదేవి గారు ఎన్నో ఏళ్లుగా ఎన్నో జిల్లాల్లో అన్నట్టే, "అబ్బెబ్బే, ఇప్పుడేం వద్దమ్మా, వచ్చేటప్పుడే ఏదో తిన్నాం," అన్నారు. పళ్లెం వెళ్లిపోయింది. ఆవిడ నోరు తెరిచారు, మూసుకున్నారు. అధ్యక్షురాలే వద్దన్నాక సభ్యులెవరు తింటారు? వరసగా ఐదుగురూ వద్దన్నారు. అన్నం కూడా ప్రోటోకాల్ భోజనంలో అడిగి వేస్తారు గనక అదీ పడలేదు. డైరెక్టరు గారు మెరుస్తున్న ఐదు ఖాళీ ఆకులు చూసి పరవశించిపోయారు.

"చూశారా మేడమ్! వాడని ఆకు, వాడిన ఆకు ఒక్కలాగే ఉన్నాయి."

"అద్భుతం," అన్నారావిడ నీరసంగా.

తర్వాత ఎండలో డ్రమ్ముల ప్రదర్శన. డైరెక్టరు గారు మొదటి డ్రమ్ము గురించి ఇంకా చెబుతుండగానే వసుంధరాదేవి గారు మెస్సు వెనక గోడకి చేరగిలబడ్డారు. ఒళ్లంతా చెమట. చేతులు వణుకుతున్నాయి. సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏం చెయ్యాలో ఎవరికీ ఉత్తర్వు లేదు.

అచ్చియ్యమ్మకి మెస్సులోకి ప్రవేశం లేదు గానీ ఆవిడ గది అక్కడే గదా. గుమ్మంలోంచి చూసి పరుగెత్తుకొచ్చింది. ముందు నోట్లో బెల్లం ముక్క పెట్టింది. లోవకుమారి కోసం కలిపి ఉంచిన పప్పన్నం పళ్లెంతో తెచ్చింది.

"వద్దమ్మా, నాకేం పర్లేదు," అన్నారు వసుంధరాదేవి గారు, కళ్లు తేలేస్తూ కూడా.

"ఏటొద్దు? నోరు తెరండి ముందు!" అని ముద్ద కలిపి పెట్టింది. ఆవిడ తిన్నారు. ఇంకో ముద్ద. వద్దంటూనే తిన్నారు. పళ్లెం ఖాళీ చేసి, మజ్జిగ తాగి, కళ్లు తుడుచుకుని, "మా అమ్మ పోయాక ఇలా ఎవరూ పెట్టలేదే," అని అచ్చియ్యమ్మ చెయ్యి పట్టుకున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక అచ్చియ్యమ్మ ఫైలుకి తిరుగులేదనుకున్నాను. అంత వెర్రివాణ్ని నేను.

వందమంది వంటా ఆ రాత్రికి డ్రమ్ముల్లోకి వెళ్లింది. చాలక ఇంకో రెండు డ్రమ్ములు తెప్పించాం. ప్రోటోకాల్ గనక లెక్కలోకి రాలేదు.

వారం తిరక్కుండా నివేదిక వచ్చింది. మా సంస్థకే పురస్కారం. ఆకు వృథా సున్నా. "ప్రథమోక్తి విధానమును ఇతర సంస్థలకూ విస్తరింపజేయవలెను" అని సిఫారసు. ఆఖర్లో ఒక చిన్న పేరా. "భోక్త స్పష్టముగా తిరస్కరించినప్పటికీ సిబ్బందిలో ఒకరు బలవంతముగా ఆహారమును అందించిన ఉదంతమొకటి బృందం దృష్టికి వచ్చినది. విధాన స్ఫూర్తికి విరుద్ధమైన ఇట్టి చర్యలు పునరావృతం కాకుండ చూడవలెను." కింద వసుంధరాదేవి గారి సంతకం. చక్కటి దస్తూరీ. ఒక్కొక్క ముద్దా ఎలా నోట్లో పెట్టించుకున్నారో నా కళ్లారా చూసినవాణ్ని. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ కాగితం ఫైలు చేశాను.

తుది విచారణకి అచ్చియ్యమ్మని పిలిచాం. ముందు రోజు సాయంత్రమే గదికి వెళ్లి చెప్పొచ్చాను. "ఆయన అడగ్గానే ఔనను. తప్పయిందను. ఉద్యోగం కావాలను. మొదటి మాటలోనే అనాలి, తెలిసిందా?"

"అలాగేనండి," అంది. లోపల లోవకుమారి నడుం పట్టుకుని అటూ ఇటూ నడుస్తోంది.

డైరెక్టరు గారు ఆ రోజు మంచి హుషారులో ఉన్నారు. పురస్కారం అద్దాల బీరువాలో ఉంది. కుర్చీలో వెనక్కి వాలి, చాలా దయగా అడిగారు.

"చూడండి అచ్చియ్యమ్మ గారూ, నేను కఠినుణ్ని కాను. క్షమాపణ చెప్పి, ఇక మీదట ఎవరినీ రెండోసారి అడగనని రాసిస్తే, మిమ్మల్ని కొనసాగించే విషయం సానుభూతితో పరిశీలిస్తాను. ఉద్యోగం కావాలా?"

అచ్చియ్యమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంది. ఇన్నేళ్లు చేసిన చోట, ఆకలితో ఉన్న మనిషికి ముద్ద పెట్టినందుకు తప్పయిందని అనమంటున్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నాకెందుకులెండి బాబూ ఈ ఉజ్జోగం," అంది.

మన ఊళ్లలో ఆ మాటకి జవాబు ఏమిటో చంటిపిల్లాడికైనా తెలుసు. "అదేంటమ్మా, అలాగంటావు? ఇన్నాళ్లూ ఉన్నదానివి, ఇప్పుడెక్కడికి పోతావు?" అనాలి. ఆవిడ ఇంకోసారి వద్దనాలి. మనం ఇంకోసారి అనాలి. అప్పుడావిడ ముక్కు చీదుకుని "సరే లెండి, తవరంతగా అంటంటే" అనాలి. ఆ మాట కోసమే ఆవిడ తల దించుకుని నిలబడింది.

డైరెక్టరు గారు కలం మూత తీశారు. "ఉద్యోగిని తొలి మాటలోనే ఉద్యోగమును తిరస్కరించినది. నమోదు చేసుకోండి." తర్వాత నా వైపు తిరిగారు. "విచారణాధికారిగా మీరేమైనా చెప్పదలిచారా?"

చెప్పదలిచాను. చెప్పాల్సింది బోలెడంత ఉంది. కానీ ఇన్నేళ్ల నౌకరీలో పెద్దవాళ్లు అలా అడిగితే మొదట ఏమంటామో నోటికి అలవాటైపోయింది.

"అబ్బే, ఏం లేదండీ," అన్నాను.

ఆయన నన్ను రెండోసారి అడగలేదు. సంతకం పెట్టేశారు.

రెండు రోజుల్లో గది ఖాళీ చెయ్యమన్నారు. అచ్చియ్యమ్మ ఒక్కరోజులోనే చేసేసింది. తునిలో మరిదిగారి ఇంటికట. గేటు దగ్గర ఆటో ఆగింది. లోవకుమారిని మెల్లగా ఎక్కించి, సామాన్లు సర్ది, ఆవిడ నా గదిలోకి వచ్చింది. చేతిలో చిన్న గిన్నె. మధ్యాహ్నం దాటిపోయింది. నేను పొద్దుట్నుంచీ ఆ కుర్చీలోంచి లేవలేదు. ఆవిడ మొహం చూడలేక ఫైళ్లలోకి చూస్తూ కూర్చున్నాను.

"బోంచేశారా సూపర్నెంటు గారూ? పిల్లకని కలిపాను, కాసింత పులిహోరుంది. పెట్టమంటారా?"

"అయిందమ్మా, వద్దు," అన్నాను, తలెత్తకుండా.

ఈ మెస్సులో నేను అబద్ధం చెప్పి ఎన్నడూ నెగ్గలేదు. "ఏటయింది? మొకం చూస్తే తెలీట్లేదేంటండీ?" అని కసిరి, నా ముందు ఆకు పడేసి, చెయ్యి కాలినా వడ్డించేసే మనిషి. నేను ఎదురుచూశాను.

అచ్చియ్యమ్మ గిన్నె మీద మూత సర్దింది.

"అలాగేనండి," అంది. అని వెళ్లిపోయింది.

నేను గుమ్మం దాకా పరిగెత్తాను. అప్పటికే ఆటో గేటు దాటేసింది.